గ్రామీణ ఆరోగ్య మిషన్‌కు ముందు విచారణల ఏడాది

జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ చరిత్రను 2004 ఎన్నికలతో, యూపీఏ ఉమ్మడి కనీస కార్యక్రమంతో మొదలుపెట్టడం ఆనవాయితీ అయిపోయింది. ప్రభుత్వం తలచింది, 2005 ఏప్రిల్ 12న మిషన్ వచ్చింది, ఆశా కార్యకర్తలు ఊళ్లలోకి వచ్చారు. ఈ కథనంలో ప్రజాసంఘాలకు దక్కిన చోటు ఒకటి రెండు వాక్యాలు. అది న్యాయం కాదు.

మిషన్‌కు పూర్వ చరిత్రగా ఆరోగ్య సేవలపై 1946 నాటి భోర్ కమిటీ నివేదిక, 1970లో జామ్‌ఖేడ్‌లో ఆరోలే దంపతులు మొదలుపెట్టిన గ్రామీణ ఆరోగ్య కృషి, 2000 నాటికి అందరికీ ఆరోగ్యమన్న 1978 ఆల్మా-ఆటా ప్రకటన అందరూ ఎరిగినవే. ఆ గడువు తీరిన ఏడాదే సైన్స్ ప్రచార సంఘాలు, మహిళా సంఘాలు, స్వచ్ఛంద వైద్య సంస్థలు కోల్‌కతాలో సమావేశమయ్యాయి. జన స్వాస్థ్య అభియాన్ ఆ కలయిక ఫలమే.

అసలు చూడవలసింది 2004ను. జాతీయ మానవ హక్కుల కమిషన్‌తో కలిసి అభియాన్ బహిరంగ విచారణలు జరిపింది. జూలైలో భోపాల్, ఆ తర్వాత చెన్నై, లక్నో, రాంచీ, గువాహటి. చివరికి డిసెంబర్ 16, 17 తేదీల్లో ఢిల్లీ. వైద్యం అందనివారు తమకు జరిగింది చెప్పుకున్నారు. ఆరోగ్యశాఖ అధికారులు విని జవాబివ్వాల్సి వచ్చింది. ఒక్కొక్కరి గోడు ప్రభుత్వ వైఫల్యానికి సాక్ష్యంగా నమోదైంది.

అలాగని మిషన్‌ను ఈ విచారణలే తెచ్చాయనలేం. ప్రజారోగ్యంపై ఖర్చును స్థూల దేశీయోత్పత్తిలో 2-3 శాతానికి పెంచుతామన్న ఉమ్మడి కనీస కార్యక్రమం హామీ భోపాల్ విచారణకు ముందే, మే నెలలో వెలువడింది. ఆశాకు నమూనా అయిన మితానిన్ పథకం ఛత్తీస్‌గఢ్‌లో 2002 నుంచే ఉంది. అయితే మిషన్ అమలు ప్రణాళికలో ప్రజా పర్యవేక్షణకు, బహిరంగ విచారణకు చోటు దక్కడాన్ని మాత్రం ఈ ఉమ్మడి ఒత్తిడి లేకుండా వివరించడం కష్టం. 2007లో తొమ్మిది రాష్ట్రాల్లో ఆ పర్యవేక్షణ మొదలైంది. మహారాష్ట్ర గ్రామాల్లో జనమే ఒక్కో ఆరోగ్య సేవకు ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగులతో మార్కులు వేశారు. ఏ సేవ ఎక్కడ కుంటుపడిందో చదువురానివారికీ తెలిసేది.

ఆ తొమ్మిదింటిలో ఆంధ్రప్రదేశ్ లేదు. అదే 2007లో ఇక్కడ ఆరోగ్యశ్రీ వచ్చింది. గుండె ఆపరేషన్‌కు అప్పుల పాలు కావలసిన ఎన్నో కుటుంబాలను అది ఆదుకుంది. దాన్ని తక్కువ చేయను. కానీ రాజకీయ చర్చంతా కార్డు, ప్యాకేజీ, బకాయిల చుట్టూ తిరగసాగింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మందులున్నాయా, డాక్టరున్నాడా అని నిలదీసే సామూహిక స్వరం సన్నగిల్లింది. 2017 జాతీయ ఆరోగ్య విధానం కూడా ఆరోగ్యాన్ని న్యాయస్థానంలో అడగదగిన హక్కుగా ఒప్పుకోలేదు.

సంఘాల పాత్రపైనా నాకు అసంతృప్తి ఉంది. అవి ఇప్పుడూ కలుస్తున్నాయి, వినతిపత్రాలిస్తున్నాయి. వినతిపత్రాన్ని ఫైల్లో పెట్టేసి ఊరుకోవచ్చు. ఎదుట నిలబడి అడిగే రోగికి మాత్రం అధికారి అక్కడే బదులు చెప్పాలి. 2004 నిరూపించింది ఇదే. మండలానికో విచారణ ఏటా జరగాలన్నది సంఘాల మొదటి డిమాండ్ కావాలి.