నాడా, నేఫా, మియానీ: మన పైజామా తారీఖ్

పైజామా అనే మాటలో రెండు ఫార్సీ ముక్కలున్నాయి. 'పాయ్' అంటే కాలు, 'జామా' అంటే వస్త్రం. కాళ్లకు తొడుక్కునే బట్ట, అంతే. అందులో ఏ మజ్హబ్ పేరూ లేదు. అయినా లిబాస్ చూసి మనిషి ఎవరో చెప్పేస్తామనే వాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. మన పిల్లలు కూడా పైజామా మనది, ప్యాంటు వాళ్లది అనుకుంటున్నారు. అందుకే ఈ తారీఖ్ కొంచెం చెప్పుకోవాలి.

మన నానీలు, దాదీలు పైజామాను 'ఇజార్' అనేవాళ్లు. ఇది అరబీ మాట. అరబ్బుల ఇజార్ అసలు కుట్టిన బట్టే కాదు, నడుముకు చుట్టుకునే గుడ్డ. హజ్‌కు వెళ్లిన మగవాళ్లు ఇహ్రామ్‌లో నడుముకు చుట్టుకునేది ఇప్పటికీ ఇజారే. అంటే అది మన లుంగీకీ, పంచెకూ దగ్గరి చుట్టం. దక్కన్‌కు వచ్చాక ఆ పేరు కుట్టిన పైజామాకు అతుక్కుంది. పల్లెల్లో నూర్‌బాషాలు, రైతుపని చేసే ముసల్మానులు ఎందరో పంచె కట్టుకునే పొలం దున్నారు. దాంతో వాళ్ల ఈమాన్‌కు వచ్చిన లోటేమీ లేదు.

ఇక హైదరాబాద్ సంగతి. షేర్వానీ కింద చూడీదార్ పైజామా ఇక్కడి దర్బారీ లిబాస్. కాలి పొడవు కంటే ఎక్కువ బట్ట పెట్టి కుడతారు కాబట్టి, చీలమండ దగ్గర గాజుల్లా ముడతలు పడుతుంది. గాజుని ఉర్దూలో చూడీ అంటారు కదా, పేరు అలా వచ్చింది. నిజాం దగ్గర ప్రధానిగా చేసిన మహారాజా కిషన్ పర్షాద్ హిందువు, 'షాద్' తఖల్లుస్‌తో ఉర్దూ షాయరీ రాసినవాడు. ఆయన లిబాస్ కూడా షేర్వానీయే. 1918లో ఉస్మానియా యూనివర్సిటీ మొదలయ్యాక అక్కడ హిందూ, ముస్లిం విద్యార్థులిద్దరూ షేర్వానీ తొడిగేవాళ్లు. 1948 పోలీస్ యాక్షన్ తర్వాత జమానా మారింది. షేర్వానీ దఫ్తర్ల నుంచి మెల్లగా తప్పుకుని నికాహ్ రోజుకు మిగిలింది.

ఇంట్లో తొడిగే పైజామా మాత్రం లట్ఠా బట్టది. కఫన్‌కూ అదే లట్ఠా తెచ్చేవాళ్లు. దాని కుట్టులో గరీబు ఇంటి హిసాబ్ ఉంది. పైన నేఫా, అందులో నాడా. నడుము పెరిగినా తగ్గినా నాడా సర్దుకుంటుంది కాబట్టి అన్న పైజామా తమ్ముడికి, తమ్ముడిది ఆఖరివాడికి వచ్చేది. రెండు కాళ్ల మధ్య మియానీ అనే చిన్న ముక్క అతుకుతారు. సజ్దాలోకి వంగినా, దస్తర్‌ఖాన్ ముందు మఠం వేసుకు కూర్చున్నా పైజామా చిరగదంటే ఆ ముక్క వల్లే.

మగపిల్లలకు స్కూల్లో ఖాకీ నిక్కరు. ఖాక్ అంటే మట్టి, ఫార్సీ మాటే. పోలీసు బట్టలకు ఆ రంగు పేరు ఇచ్చింది మన జబానే. నిక్కరు మోకాళ్లపైనే ఆగుతుంది. సతర్ బొడ్డు నుంచి మోకాలి దాకా కదా! అందుకే మా మొహల్లా పిల్లలం స్కూలు నుంచి రాగానే నిక్కరు విప్పి, పైజామా తొడిగి అరబీ మదర్సాకు పరుగెత్తేవాళ్లం.

1970ల్లో టెరికాట్ ప్యాంట్లు, బెల్‌బాటమ్‌లు వచ్చాయి. మా అబ్బా జవానీ ఫోటోలో ప్యాంటు మోరీ నేల ఊడుస్తుంటుంది. టఖ్నోఁ కిందికి బట్ట జారకూడదంటారు కాబట్టి నమాజ్ ముందు ప్యాంటు అంచులు పైకి మడవడం మస్జిద్‌లో రివాజ్ అయిపోయింది. ఫ్యాషన్‌నూ వదల్లేదు, అదబ్‌నూ వదల్లేదు.

ఇంకో తమాషా. మనం పగలు తొడిగిన పైజామాను ఇంగ్లీషువాళ్లు తమ దేశం తీసుకెళ్లి, రాత్రి పడుకునే బట్ట చేసుకున్నారు. ఇప్పుడు అదే 'నైట్ డ్రెస్'గా తిరిగొచ్చి మన పిల్లల ఒంటి మీదుంది.

దర్జీ, జేబు, ఖాకీ అనే మాటలు తెలుగువాళ్లందరివీ అయిపోయాయి. గుండీ పెట్టే కాజా పేరేమో పోర్చుగీసు నుంచి వచ్చింది. ఇన్ని జబాన్లు కలిసి కుట్టిన బట్టను చూసి మనిషిని వేరు చేయాలనుకునేవాళ్లకు ఈ తారీఖ్ తెలియదు. మన పిల్లలకైనా తెలియాలి. జుమా రోజు సఫ్‌లో జీన్స్, లుంగీ, పైజామా భుజం భుజం కలిపే నిలబడతాయి. బట్ట పాక్‌గా ఉందా, సతర్ కప్పిందా అన్నదే అక్కడ సవాల్. ఎవరి దేశం నుంచి వచ్చిందని ఎవరూ అడగరు.