పిల్లల్లో ఏడీహెచ్‌డీ: చికిత్స మార్గదర్శకాలు ఏం చెబుతున్నాయి?

దక్షిణ ఢిల్లీలోని సాకేత్‌లో ఉండేవారికి వైద్యం దూరం కాదు. కార్పొరేట్ ఆసుపత్రులు అక్కడే ఉన్నాయి. మెట్రో ఎల్లో లైన్‌లో నాలుగో స్టేషన్ ఎయిమ్స్. అయినా ‘మీ అబ్బాయి క్లాసులో కుదురుగా కూర్చోవడం లేదు’ అని స్కూలు నుంచి కబురు వస్తే తల్లిదండ్రులకు ఏం చేయాలో తోచదు. కొందరు తొలి రోజే మందు చీటీతో ఇంటికొస్తారు. ఇంకొందరు ‘పెద్దయితే అదే తగ్గుతుంది’ అనుకుంటూ ఏళ్లు గడిపేస్తారు. ఈ రెండు పొరపాట్లనూ నివారించడానికే చికిత్స మార్గదర్శకాలు ఉన్నాయి.

ఎవరు రూపొందించారు?

మన దేశంలో ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2017లో, ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ 2019లో మార్గదర్శకాలు ప్రచురించాయి. బ్రిటన్‌లో నైస్ సంస్థవి 2018లో, అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ తాజా సవరణ 2019లో వచ్చాయి. వివరాల్లో తేడాలున్నా వరుస దాదాపు ఒకటే. ముందు పూర్తి పరిశీలన, తర్వాత ఇంటివారికీ స్కూలుకూ అవగాహన, ప్రవర్తనా శిక్షణ, అవసరమైతే మందు, ఆపైన క్రమం తప్పని పర్యవేక్షణ.

నిర్ధారణ ఎలా?

ఏడీహెచ్‌డీని పట్టిచ్చే రక్తపరీక్ష గానీ, స్కానింగ్ గానీ లేదు. డీఎస్ఎం-5 ప్రమాణాల ప్రకారం ఏకాగ్రత లోపానికి 9, అతి చురుకుదనం-తొందరపాటుకు 9 లక్షణాలు ఉన్నాయి. ఏదో ఒక జాబితాలో కనీసం 6 ఉండాలి. 17 ఏళ్లు దాటినవారికి 5 చాలు. అవి ఆరు నెలలకు పైగా కొనసాగాలి. కొన్నయినా 12 ఏళ్లలోపే మొదలై ఉండాలి. ఇంట్లోనూ బడిలోనూ, అంటే కనీసం రెండు చోట్ల కనిపించాలి. చదువుకో, స్నేహాలకో నిజంగా అడ్డు పడాలి.

అందుకే టీచరు నివేదిక లేకుండా నిర్ధారణ పూర్తి కాదు. చూపు, వినికిడి, నిద్ర, మూర్ఛ, ఆందోళన, ఆటిజం, అభ్యసన లోపం వంటివి కూడా చూడాలి. అల్లరి చేయకుండా దిక్కులు చూస్తూ కూర్చునే పిల్లలను, ముఖ్యంగా ఆడపిల్లలను, గుర్తించడం తరచూ ఆలస్యమవుతుంది.

ఢిల్లీలో ఉండే తెలుగు కుటుంబానికి ఇంకో చిక్కుంది. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లిష్, ఆటల్లో హిందీ. బదిలీ మీద వచ్చిన కొన్నాళ్లకే పిల్లాడు పాఠం వినడం లేదంటే, అది భాష అర్థం కాకపోవడమా, ఏకాగ్రత లోపమా అన్నది తేల్చాలి. పాత స్కూలు ప్రోగ్రెస్ రిపోర్టులు, అమ్మమ్మ తాతయ్యలు చెప్పే చిన్ననాటి సంగతులు ఇక్కడ బాగా పనికొస్తాయి.

మన పిల్లల కోసం ఢిల్లీలోని ఇన్‌క్లెన్ ట్రస్ట్ ఆధ్వర్యంలో ఐఎన్‌డీటీ-ఏడీహెచ్‌డీ అనే ప్రశ్నావళి తయారైంది. అదే బృందం పిల్లల నాడీ వికాస సమస్యలపై అయిదు ప్రాంతాల్లో జరిపి 2018లో ప్రచురించిన అధ్యయనంలో హైదరాబాద్ కూడా ఉంది.

వయసును బట్టి చికిత్స

ఆరేళ్లలోపు పిల్లలకు మొదటి చికిత్స మందు కాదు, తల్లిదండ్రులకు శిక్షణ. చిన్న చిన్న ఆదేశాలివ్వడం, మంచి పనిని వెంటనే మెచ్చుకోవడం, రోజువారీ పనులకు స్థిరమైన వేళలు పాటించడం అందులో నేర్పుతారు. 6 నుంచి 12 ఏళ్లవారికి మందుతో పాటు ఈ శిక్షణ, క్లాసులో మార్పులు కూడా ఉండాలని అమెరికన్ అకాడమీ అంటుంది. టీనేజర్లకు మందు ఇవ్వాలంటే వారి సమ్మతీ కావాలి. పథ్యం పేరుతో ఆహారాలు మాన్పించడాన్ని, ఒమేగా-3 వంటి ఫ్యాటీ యాసిడ్ సప్లిమెంట్లను ఏడీహెచ్‌డీ చికిత్సగా నైస్ సిఫారసు చేయదు.

మందు విషయంలో

ఎక్కువగా వాడేది మిథైల్‌ఫెనిడేట్. మన దేశంలో ఇది షెడ్యూల్ ఎక్స్ మందు. చీటీ రెండు ప్రతులు ఉండాలి. ఒకటి దుకాణదారు రెండేళ్లు భద్రపరచాలి. ప్రత్యేక లైసెన్సు ఉన్న దుకాణాల్లోనే దొరుకుతుంది. ఈ కట్టుదిట్టం చూసి తల్లిదండ్రులు జంకుతారు. నిబంధనలు దుర్వినియోగాన్ని ఆపడానికే. డాక్టరు పర్యవేక్షణలో వాడకూడదని వాటి అర్థం కాదు. ఇది సరిపడనివారికి ఆటమాక్సెటిన్ వంటివి ఉన్నాయి. దాని ఫలితం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది.

మందు మొదలుపెట్టే ముందు ఎత్తు, బరువు, నాడి, రక్తపోటు నమోదు చేయాలి. కుటుంబంలో గుండెజబ్బులు, చిన్న వయసులో ఆకస్మిక మరణాలు ఉన్నాయేమో అడగాలి. తక్కువ మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచాలి. ఆకలి, నిద్ర తగ్గడం సాధారణంగా కనిపించే ఇబ్బందులు. నైస్ ప్రకారం పదేళ్లలోపువారి బరువును మూడు నెలలకోసారి, పిల్లలందరి ఎత్తును ఆరు నెలలకోసారి చూడాలి. మోతాదు మార్చినప్పుడల్లా నాడి, రక్తపోటు కొలవాలి.

పర్యవేక్షణ ఎందుకు కీలకం?

1999లో ప్రచురితమైన అమెరికా ఎంటీఏ అధ్యయనం ఇందుకు ఆధారం. 579 మంది పిల్లలను నాలుగు బృందాలుగా చేసి 14 నెలలు చూశారు. నెలనెలా పిలిచి, మోతాదు సరిచూస్తూ మందు ఇచ్చిన పిల్లల్లో ప్రధాన లక్షణాలు బాగా తగ్గాయి. మామూలుగా బయటి డాక్టర్ల దగ్గరికి వెళ్లినవారిలో మూడింట రెండొంతుల మంది కూడా మందు వాడారు. వారికి అంత ఫలితం రాలేదు. మందు వాడడం ఒక్కటే సరిపోలేదన్నమాట. మూడేళ్లు గడిచేసరికి బృందాల మధ్య ఆ తేడా కనిపించలేదు. శ్రద్ధగా చూడడం ఆగితే ఆధిక్యం నిలుస్తుందన్న భరోసా లేదు.

టీనేజర్లు, పరీక్షలు

ఈ వయసులో మందు మానేయడం మామూలే. తిట్టకుండా కారణం అడగాలి. పరీక్షల ముందు స్నేహితులతో మాత్రలు పంచుకోవడం ప్రమాదమనీ, చట్టవిరుద్ధమనీ ముందే చెప్పాలి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఏడీహెచ్‌డీ విడిగా లేదు. నిర్దిష్ట అభ్యసన వైకల్యం ఉంది. రెండూ ఉన్న పిల్లలకు ఆ ధ్రువపత్రం ఉంటే బోర్డు పరీక్షల్లో అదనపు సమయం వంటి వెసులుబాట్లు అడగవచ్చు.

డాక్టరును అడగాల్సినవి

స్కూలు నివేదిక చూశారా? ఇంకే సమస్యలూ లేవని నిర్ధారించారా? మందుతో పాటు శిక్షణ ఎవరిస్తారు? మళ్లీ ఎప్పుడు రావాలి, అప్పుడేం కొలుస్తారు? ఈ నాలుగింటికీ స్పష్టమైన జవాబులు దొరికితే వైద్యం సరైన వరుసలో సాగుతున్నట్టే. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనివారు కేంద్రం నడిపే టెలీ మానస్ ఉచిత నంబరు 14416కు ఫోన్ చేయవచ్చు. తెలుగులోనూ మాట్లాడతారు.