వయోజనవిద్య: మన ప్రాంతచరిత్ర చెప్పు పాఠము

 

మహాసభ జరిగినప్పుడెల్ల, పరీక్షలలో మొదటి శ్రేణిని గెలిచిన బాలబాలికలను వేదికపైకి బిలిచి సత్కరించుచున్నాము. అది ముదావహమే. కాని యా వేదికదాక రాలేక నడుమనే బడి మానిన బిడ్డను గూర్చి యెవరు విచారించుచున్నారు? ఇంట వాని పలక జూచి తప్పు దిద్దువారు లేరు. తల్లి కూలికి బోయిన దినమున చంటిబిడ్డను గాచుకొనవలసినవాడు వాడే. ఒక నెల వెనుకబడినవాడు మరల నందుకొనుట యరుదు. వానిని మందబుద్ధి యని నిందింతుము గాని, వాని యింటి చీకటిని జూడము. ఆ చీకటిని బాపు నుపాయమును మన గోలేటి పరిసరముల చరిత్రయే చూపుచున్నది.

1871లో డాక్టరు కింగు ఇల్లెందు ప్రాంతమున బొగ్గును గనుగొనెను. 1889లో త్రవ్వకము మొదలయ్యెను. 1920లో సింగరేణి కంపెనీ యేర్పడెను. పిదప గనులు బెల్లంపల్లి వైపునకు విస్తరించెను. పొలము జీవనాధారము గాని పేదలు గనులకు జేరిరి. నిజాము రాజ్యమున కచేరీభాషయు, ఉన్నతవిద్యాభాషయు ఉర్దూ యగుటచే, తెలుగు కూలివాని బిడ్డకు చదువు మరింత దూరమయ్యెను.

గనులకు పడమటనున్న యడవులలో నిరక్షరాస్యత భూమినే హరించెను. తమ పేర నేమి వ్రాయబడినదో చదువలేని గోండులు తరతరములుగా దున్నిన నేలను గోల్పోయిరి. 1940లో జోడేఘాటువద్ద కొమురం భీము ప్రాణములర్పించిన పిమ్మట, గిరిజనుల స్థితిగతులను విచారించుటకు ప్రభుత్వము హైమెన్‌డార్ఫ్ పండితుని నియోగించెను. 1943లో మార్లవాయి గ్రామమున ఉపాధ్యాయ శిక్షణకేంద్రము నెలకొనెను.

ఇందలి విశేష మిది. బయటినుండి పంతుళ్లను దెచ్చుటకు మారుగా, కొంచెము చదువ వ్రాయ నేర్చిన గోండు వయోజనులనే చేరదీసి, వారి గోండి భాషయందే వాచకములు గూర్చి, వారిని ఉపాధ్యాయులను జేసిరి. తన వాడలో, తన భాషలో మాటలాడు పెద్దవాడే గురువైనప్పుడు బిడ్డకు బడియన్న భయము పోవును. ముందు పెద్దలు నేర్చిరి. పిమ్మట పిల్లల బడులు నిలిచెను. ఆ మార్లవాయి నేడు గోలేటితో బాటు కొమురం భీము ఆసిఫాబాదు జిల్లాలోనిదే.

స్త్రీలకు చదువేల యను వారు నెల్లూరి జిల్లా వృత్తాంతమును స్మరింతురు గాక. 1990 ప్రాంతమున నచ్చట అక్షరాస్యతోద్యమము సాగెను. తాగుబోతు భర్తవలన జెడిన సంసారపు పాఠమును వాచకమున జదివి, దూబగుంట స్త్రీలు సారాకొట్టును మూయించిరి. ఆ యుద్యమము రాష్ట్రమెల్ల వ్యాపింపగా, 1993 అక్టోబరు 1 నుండి సారా నిషేధింపబడెను. అక్షరము నేర్చిన తల్లి యింటి కూలిడబ్బును గాపాడినది. ఆ డబ్బే బిడ్డ పుస్తకమునకు మూలధనము.

2011 జనాభా లెక్కలలో నాటి ఆదిలాబాదు జిల్లా అక్షరాస్యత నూటికి 61 మాత్రమే. సాక్షరభారత పథకము 2009లో వచ్చి 2018లో ముగిసెను. పథకములు వచ్చిపోవుచుండును, వాడలో నిలిచియుండునది సంఘమే.

కావున సంఘమునకు విన్నపము: విద్యార్థివేతనములతో బాటు వయోజనుల పాఠశాలను గూడ నెలకొల్పుడు. గనులలో పని మూడు షిఫ్టులుగా సాగును గనుక రాత్రిబడి యొక్కటే చాలదు. ఉదయమొకటి, సాయంకాలమొకటి యుండవలెను. మన వేతనములతో జదివిన యువతీయువకులే గురువులు కావలెను. జీతపు చీటీ, బ్యాంకు పుస్తకము, గనిలోని హెచ్చరిక పలక, బిడ్డ పలక: ఇవియే ప్రథమ పాఠములు.

పోషకులారా! మీరు వేతనమిచ్చు ప్రతి బాలునితో బాటు ఒక తల్లినో తండ్రినో చదివింపుడు. రాబోవు మహాసభలో, వేలిముద్ర మాని సంతకము నేర్చిన యొక ముదుసలిని గూడ నా వేదికపైకి బిలుచు భాగ్యము మనకు గలుగుగాక!