5712, 5708: నాలుగు పాయింట్ల వెనక ఉన్న హైదరాబాద్ కథ

ఇవాళ్టి ఎపిసోడ్ రెండు నంబర్లతో మొదలుపెడతాను. 5712. 5708. మీ దగ్గర పెన్నుంటే రాసుకోండి, లేకపోతే గుర్తుపెట్టుకోండి. ఈ రెండింటి మధ్య తేడా నాలుగు. ఆ నాలుగు వల్ల ఒక అమ్మాయి మెడలో మెడల్ పడింది, ఇంకో అమ్మాయి ఖాళీ చేతులతో వెళ్ళింది. ఇద్దరూ మన దేశం అమ్మాయిలే.

2023 అక్టోబర్ 1, చైనాలోని హాంగ్‌జౌ, ఆసియా క్రీడలు. మహిళల హెప్టాథ్లాన్‌లో మూడో స్థానం మన సికింద్రాబాద్ అమ్మాయి అగసర నందినిది, 5712 పాయింట్లు. నాలుగో స్థానం బెంగాల్ అమ్మాయి స్వప్నా బర్మన్‌ది, 5708. ఆ స్వప్న మామూలు మనిషి కాదు. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో ఇదే ఈవెంట్‌లో స్వర్ణం గెలిచిన ఛాంపియన్.

అసలు హెప్టాథ్లాన్ అంటే ఏంటో రెండు మాటల్లో చెప్తాను. రెండు రోజులు, ఏడు పోటీలు. మొదటి రోజు 100 మీటర్ల హర్డిల్స్, హైజంప్, షాట్‌పుట్, 200 మీటర్లు. రెండో రోజు లాంగ్‌జంప్, జావెలిన్, చివర్లో 800 మీటర్లు. ప్రతిదానికీ పాయింట్లుంటాయి, అన్నీ కూడితే ఎవరికి ఎక్కువ వస్తే వాళ్ళు గెలిచినట్టు.

ఇదేదో మనకి సంబంధం లేని ఆట అనుకోవద్దు. నేను ఉండేది తార్నాకలో. పొద్దున్నే ఉస్మానియా యూనివర్సిటీ గ్రౌండ్ వైపు వెళ్తే కనిపించేది ఎవరు? పోలీస్ ఉద్యోగానికి ప్రిపేర్ అయ్యే వాళ్ళు. తెలంగాణలో 2022 కానిస్టేబుల్ నోటిఫికేషన్‌లో అమ్మాయిలకి పెట్టిన ఫిజికల్ టెస్ట్ గుర్తుందా? 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పరుగెత్తాలి. లాంగ్‌జంప్ రెండున్నర మీటర్లు దూకాలి. 4 కిలోల షాట్‌పుట్ 4 మీటర్లు వేయాలి. హెప్టాథ్లాన్‌లోని ఏడింటిలో మూడు ఇవే! గుండు బరువు కూడా అదే, 4 కిలోలు. ఆర్ట్స్ కాలేజీ రోడ్డు మీద చెప్పులు పక్కన పెట్టి పరుగు ప్రాక్టీస్ చేసే అమ్మాయికి ఆ 800 మీటర్లలో రెండో చుట్టు ఎట్లుంటుందో నేను చెప్పక్కర్లేదు. ఊపిరి అందదు, కాళ్ళు మొద్దుబారిపోతాయి. నందిని అదే దూరాన్ని, అప్పటికే ఆరు పోటీలు ఆడిన ఒంటితో, 2 నిమిషాల 15.33 సెకన్లలో పూర్తి చేసింది.

ఇప్పుడు లెక్క చూద్దాం. ఆరు పోటీలు అయ్యేసరికి స్వప్న ఓ పది పదకొండు పాయింట్లు ముందుంది. 800 మీటర్లలో నందిని ఆమెకన్నా సుమారు ఒక సెకను ముందు గీత దాటింది. ఆ వేగంలో ఒక్క సెకను విలువ దాదాపు 14 పాయింట్లు. అంటే వెనక ఉన్నది పూడిపోయి, పైన నాలుగు మిగిలాయి. ఆ నాలుగు పాయింట్లు లాంగ్‌జంప్‌లో అయితే ఒకటిన్నర సెంటీమీటరు కూడా కాదు. పరుగులో అయితే సెకనులో మూడో వంతు కన్నా తక్కువ. రెండు రోజుల కష్టం ఆ సందులో తేలింది.

తర్వాత జరిగింది మీలో కొంతమంది ఫోన్లలో చూసే ఉంటారు. ఓడిపోయిన బాధలో స్వప్న సోషల్ మీడియాలో ఒక పోస్ట్ పెట్టింది. నందినికి ఆ పోటీలో ఆడే అర్హతే లేదన్నట్టు, తన మెడల్ తనకి ఇప్పించమని. ఆధారం ఏమీ చూపించలేదు. ఆ పోస్ట్ గంటల్లో దేశమంతా తిరిగింది. ఇరవై ఏళ్ళ అమ్మాయి జీవితంలో పెద్ద మెడల్ గెలిచిన సంతోషం ఒక రోజు కూడా నిండకుండానే తన ఒంటి గురించి, తన గురించి ముక్కూ మొహం తెలియనివాళ్ళు చర్చలు పెట్టారు. స్వప్న తర్వాత ఆ పోస్ట్ తీసేసింది, బహిరంగంగా క్షమాపణ కూడా చెప్పింది. అది చెప్పకపోతే ఆమెకి అన్యాయం చేసినట్టే. కానీ ఒక్కటి ఆలోచించండి. ఆరోపణని షేర్ చేసినవాళ్ళలో క్షమాపణని షేర్ చేసినవాళ్ళు ఎంతమంది?

పోస్టులు వచ్చాయి, పోయాయి. 5712 మాత్రం అక్కడే ఉంది. రికార్డు పుస్తకంలో మూడో వరుసలో నందిని పేరే ఉంది.

అదే రాత్రి, అదే స్టేడియంలో ఇంకో తెలుగమ్మాయి కథ కూడా నడిచింది. విశాఖపట్నం అమ్మాయి యర్రాజి జ్యోతి, 100 మీటర్ల హర్డిల్స్ ఫైనల్. పక్క లేన్‌లో చైనా అమ్మాయి వు యాన్ని తుపాకీ మోగకముందే కదిలింది. ఆ కదలిక చూసి జ్యోతి కూడా కదిలింది. అధికారులు ఇద్దరినీ బయటికి పంపేయబోయారు. జ్యోతి ఊరుకోలేదు. ముందు కదిలింది నేను కాదు, రీప్లే చూడండి అని అక్కడే నిలబడి వాదించింది. ఎనభై వేల మంది పట్టే స్టేడియం, ఎదుటి అమ్మాయి సొంత దేశం, భాష కాని భాష. చివరికి ఇద్దరినీ పరుగెత్తనిచ్చారు, తీర్పు తర్వాత చెప్తామన్నారు. రేసులో జ్యోతి మూడో స్థానంలో వచ్చింది, 12.91 సెకన్లు. ఆ తర్వాత వు యాన్నిని డిస్‌క్వాలిఫై చేశారు. జ్యోతి కాంస్యం రజతం అయింది.

రేసు అవ్వగానే స్క్రీన్‌షాట్ తీసి స్టేటస్ పెట్టినవాళ్ళ ఫోన్లలో జ్యోతికి ఇంకా కాంస్యమే! ఫలితం అంటే బోర్డు మీద వెలిగే అంకె ఒక్కటే కాదన్నమాట. దాని వెనక ఒక రూల్ ఉంటుంది, ఆ రూల్ తెలిసి నోరు తెరిచి అడిగే ధైర్యం ఉండాలి. ఆ రాత్రి జ్యోతి నోరు మూసుకుని పక్కకి వెళ్ళిపోయి ఉంటే, పరుగెత్తనిచ్చేవాళ్ళే కాదు.

ఆ ఆసియా క్రీడల్లో ఇండియాకి అథ్లెటిక్స్‌లో 29 మెడల్స్ వచ్చాయి: 6 స్వర్ణాలు, 14 రజతాలు, 9 కాంస్యాలు. అందులో రెండు వరుసల కథ ఇది.

ఇప్పుడు కొంచెం వెనక్కి వెళ్దాం. ఎందుకంటే సికింద్రాబాద్‌కి, హెప్టాథ్లాన్‌కి ఉన్న సంబంధం నందినితో మొదలవలేదు.

తార్నాకలో మెట్రో ఎక్కండి. మెట్టుగూడ, ఆ తర్వాత సికింద్రాబాద్ ఈస్ట్. ఈ దారంతా రైల్వే వాళ్ళ ఇలాకానే. లాలాగూడ క్వార్టర్లు, ఇంకొంచెం ముందుకెళ్తే దక్షిణ మధ్య రైల్వే హెడ్డాఫీసు రైల్ నిలయం. ఆ రైల్వేలో ఉద్యోగం చేస్తూ సికింద్రాబాద్‌లో స్థిరపడిన ఒక కన్నడ అమ్మాయి ఉంది. జె.జె. శోభ. ధార్వాడ దగ్గర పశుపతిహాళ్ అనే పల్లెటూరు ఆమెది. అప్పట్లో అథ్లెట్లకి స్పాన్సర్లు, బ్రాండ్లు ఎక్కడివి? రైల్వే, పోలీస్, మిలిటరీ ఉద్యోగాలే దిక్కు. నెల జీతం వస్తే తిండికి బెంగ ఉండదు, సెలవిస్తే ప్రాక్టీస్‌కి బెంగ ఉండదు.

2002 బూసాన్ ఆసియా క్రీడల్లో హెప్టాథ్లాన్‌లో బెంగాల్ అమ్మాయి సోమా బిశ్వాస్‌కి రజతం, శోభకి కాంస్యం. 2006 దోహాలో మళ్ళీ అదే వరుస: సోమా రజతం, శోభ కాంస్యం. ఈ రెండింటి మధ్య, 2003లో, మన హైదరాబాద్‌లోనే ఆఫ్రో-ఏషియన్ క్రీడలు జరిగాయి. రెండు ఖండాలవాళ్ళు కలిసి ఆడిన ఆ క్రీడలు చరిత్రలో అదొక్కసారే జరిగాయి. సొంత ఊరి జనం ముందు హెప్టాథ్లాన్‌లో శోభ స్వర్ణం గెలిచింది. నందిని పుట్టింది కూడా ఆ ఏడాదే!

శోభ గురించి ఇంకొక్కటి చెప్పాలి. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్. ఆరో పోటీ జావెలిన్‌లో చీలమండ దెబ్బతింది. స్ట్రెచర్ మీద మోసుకెళ్ళారు. అందరూ అయిపోయిందనుకున్నారు. కాలికి కట్టు కట్టుకుని వచ్చి 800 మీటర్లు పరుగెత్తింది. మొత్తం 6172 పాయింట్లతో 11వ స్థానం. మెడల్స్ పట్టికలో ఆ 11వ స్థానం ఎక్కడా కనపడదు. మెడల్స్ మాత్రమే చూసేవాళ్ళకి ఆ పరుగు జరగనట్టే లెక్క.

రెండు దశాబ్దాలుగా ఈ ఈవెంట్‌లో బెంగాల్‌కీ సికింద్రాబాద్‌కీ ఒక పోటీ నడుస్తోంది. శోభ రెండుసార్లు సోమా వెనక నిలబడింది. దోహా తర్వాత పదిహేడేళ్ళకి హాంగ్‌జౌలో నాలుగు పాయింట్లతో వరుస తారుమారైంది.

మరి ఈ పదిహేడేళ్ళలో మారిందేంటి? తలుపు తెరిచే చెయ్యి మారింది. శోభకి రైల్వే. నందినికి తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకులం. నాన్న చాయ్ అమ్మి ఇల్లు నడిపిన కుటుంబం అది. గురుకులంలో చదువు, తిండి, గ్రౌండ్ ఒకే చోట దొరికాయి. విశాఖలో సెక్యూరిటీ గార్డు కూతురు జ్యోతిని హైదరాబాద్ స్పోర్ట్స్ అథారిటీ హాస్టల్ తీసుకుంది. ఈ ఇద్దరి దారిలోనూ కనిపించే పేరు కోచ్ నాగపురి రమేష్ గారు, 2016 ద్రోణాచార్య అవార్డు గ్రహీత.

ఆయన దగ్గరే తయారైన ఇంకో అమ్మాయి జీవాంజి దీప్తి. వరంగల్ జిల్లా కల్లెడ ఊరు. చిన్నప్పుడు ఊళ్ళో ఆమెని ఎన్ని మాటలన్నారో వాళ్ళమ్మే చెప్పుకున్నారు. మేధో వైకల్యం ఉన్నవాళ్ళ టీ20 కేటగిరీలో 2024 మేలో జపాన్‌లోని కోబేలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్‌లో 400 మీటర్లు 55.07 సెకన్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డుతో స్వర్ణం గెలిచింది. అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో 55.82తో కాంస్యం. పారిస్‌లో స్వర్ణం గెలిచిన ఉక్రెయిన్ అమ్మాయి టైమ్ ఎంతో తెలుసా? 55.16. అంటే మేలో కోబేలో పరుగెత్తిన దీప్తి పారిస్ ట్రాక్ మీదికి వచ్చి ఉంటే స్వర్ణం ఆమెదే. కానీ ఆటలో అట్లా కుదరదు. నిన్నటి టైమ్ ఇవాళ చెల్లదు. అందుకే కాంస్యం అనగానే 'అయ్యో, తగ్గింది' అనే ముందు టైమ్ కూడా చూడాలి. ఆమె ఎక్కడిదాకా వెళ్ళగలదో కోబే ముందే చెప్పేసింది.

నందిని కథ కూడా హాంగ్‌జౌతో ఆగలేదు. 2025 మేలో దక్షిణ కొరియాలోని గుమిలో ఆసియా అథ్లెటిక్స్ ఛాంపియన్‌షిప్ జరిగింది. హెప్టాథ్లాన్‌లో 5941 పాయింట్లు, ఈసారి స్వర్ణం. ఆసియా ఛాంపియన్‌షిప్ హెప్టాథ్లాన్‌లో స్వర్ణం గెలిచిన మూడో భారతీయురాలు. మొదటి ఇద్దరూ ఎవరనుకుంటున్నారు? 2005లో సోమా బిశ్వాస్, 2017లో స్వప్నా బర్మన్. ఆ వరుసలో స్వప్న తర్వాతి పేరు నందినిదే. హాంగ్‌జౌ పోస్ట్‌కి ఇంతకన్నా మర్యాదైన జవాబు ఉంటుందా? అదే గుమిలో జ్యోతి కూడా 12.96తో ఛాంపియన్‌షిప్ రికార్డు పెట్టి హర్డిల్స్ స్వర్ణం నిలబెట్టుకుంది.

5712 నుంచి 5941. తేడా 229 పాయింట్లు. ఈ 229 గాల్లోంచి ఊడిపడలేదు. లాంగ్‌జంప్‌లో సెంటీమీటర్లు, హర్డిల్స్‌లో వందో వంతులు. ఒక్కొక్కటీ ఏరుకుని కూడబెట్టినవి. గ్రౌండ్లో చెమట పట్టినవాళ్ళకి ఆ లెక్క తెలుస్తుంది.

నేను చెప్పదలచుకున్నది ఇదే. ఇకమీదట ఏ పోటీ ఫలితాలైనా మీ ఫోన్లోకి వస్తే, పేరు, మెడల్ చూసి స్క్రోల్ చేసేయకండి. ఒక్క నిమిషం ఆగి నాలుగో స్థానం ఎవరిదో చూడండి. తేడా ఎంతో చూడండి. ఫలితం మారిందేమో, ఎందుకు మారిందో చదవండి. ఎవరి మీదైనా ఆరోపణ కనిపిస్తే, ఆధారం ఉందా అని అడగండి, లేకపోతే షేర్ బటన్ మీద నుంచి వేలు తీసేయండి. ఆ వేలు కింద ఒక ఇరవై ఏళ్ళ అమ్మాయి ఉండొచ్చు.

ఈ అమ్మాయిల కథల్లో మొదట ఎవరో ఒకరు గుర్తుపట్టారు. 'ఈ పిల్ల కాళ్ళలో ఏదో ఉంది' అన్నారు. మీ స్కూల్లో కూడా ఎండలో విజిల్ పట్టుకుని నిలబడ్డ పీటీ సారో మేడమో ఉండే ఉంటారు. వాళ్ళు మీకు నేర్పించిందేంటో ఒక్క లైన్లో కామెంట్ చేయండి, అన్నీ చదువుతాను. వీలైతే వాళ్ళకే ఒక ఫోన్ కొట్టండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.