కుడి సీటులో పరదేశి

కాక్‌పిట్‌లో సీట్లు రెండు. ఎడమవైపుది కెప్టెన్‌ది, కుడివైపుది ఫస్ట్ ఆఫీసర్‌ది. వాడుకలో కో-పైలట్ అంటాం. లారీ మీద క్లీనర్ లాంటివాడేమో అనుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు గానీ, అదేం కాదు. సాధారణంగా పోయేటప్పుడు కెప్టెన్ నడిపితే వచ్చేటప్పుడు ఫస్ట్ ఆఫీసర్ నడుపుతాడు. ఒకరు నడుపుతుంటే రెండోవారు రేడియో చూసుకుంటారు, మీటర్లు చూసుకుంటారు, పక్కవాడు తప్పు చేస్తున్నాడేమో కూడా చూసుకుంటారు. తేడా ఉన్నది ఆఖరి మాట దగ్గర. ఆ మాట ఎడమ సీటుది.

ఇంకో తేడా కూడా ఉంది. కుడి సీటు పని చేసే చోటే కాదు, ఎదురుచూసే చోటు కూడా. అక్కణ్ణించి రెండడుగుల దూరంలో ఉన్న ఎడమ సీటుకి మారడానికి కొందరికి ఐదేళ్ళు పడుతుంది, కొందరికి పదిహేనేళ్ళు. కొందరికి ఆ సీటు ఎప్పటికీ రాదు. విమానయానం గురించి రాసిన పుస్తకాల్లో ఎక్కువ భాగం ఎడమ సీటు వాళ్ళ కథలే. ఈ వ్యాసం రెండోవాళ్ళ గురించి. అందులోనూ సొంత దేశం వదిలి, ఇంకో దేశపు జెండా వేసుకున్న విమానంలో ఆ సీటు పట్టుకున్నవాళ్ళ గురించి.

మూన్ ఫన్ చిన్ నుంచి మొదలుపెడదాం. చైనాలో పుట్టి, అమెరికాలోని బాల్టిమోర్‌లో పెరిగాడు. అక్కడే విమానం నడపడం నేర్చుకున్నాడు. చేతిలో అమెరికన్ పౌరసత్వం ఉంది, లైసెన్సు ఉంది. ఉద్యోగం మాత్రం లేదు. 1930లలో చైనీస్ ముఖం ఉన్నవాణ్ణి పైలట్‌గా పెట్టుకునే అమెరికన్ ఎయిర్‌లైన్ లేదు. దాంతో 1933లో ఓడెక్కి చైనా వెళ్ళి, సి.ఎన్.ఎ.సి. అనే కంపెనీలో చేరాడు. సి.ఎన్.ఎ.సి. అంటే చైనా నేషనల్ ఏవియేషన్ కార్పొరేషన్. అందులో చైనా ప్రభుత్వానికి 55 శాతం, అమెరికాకు చెందిన పాన్ ఆమ్‌కి 45 శాతం వాటా. కాక్‌పిట్‌లోనూ దాదాపు ఇదే లెక్క కనిపించేది, కాకపోతే తలకిందులుగా: ఎడమ సీటులో సాధారణంగా అమెరికన్, కుడి సీటులో చైనీయుడు. మరి కాగితాల మీద అమెరికన్, చూడటానికి చైనీయుడు అయిన చిన్ ఎక్కడ కూర్చోవాలి? మొదట కుడివైపే కూర్చున్నాడు. కొన్నేళ్ళకి ఎడమవైపుకి మారాడు. అతనిలాంటి చైనీస్-అమెరికన్లు కొద్దిమంది ఆ దారిలో కెప్టెన్లయ్యారు. అంటే పుట్టిన దేశానికి పరదేశిగా తిరిగి వెళ్తేనే, పెరిగిన దేశం ఇవ్వని సీటు దొరికింది.

1942 మే నెలలో బర్మా జపాన్ చేతికి చిక్కుతోంది. చిన్ నడుపుతున్న డీసీ-3 మిచ్చినా అనే ఊళ్ళో ఆగింది. పారిపోవాలనుకునే జనం విమానం చుట్టూ మూగారు. ఆ రకం విమానంలో మామూలుగా కూర్చునేది ఇరవై ఒక్కమంది. చిన్ ఒకరి తర్వాత ఒకరిని ఎక్కిస్తూ పోయాడు. ఏప్రిల్‌లో టోక్యో మీద బాంబులు వేసి, చైనాలో దిగి, ఇంటిదారి పట్టిన జిమ్మీ డూలిటిల్ ఆ విమానంలో ప్రయాణికుడు. ఇంతమందితో ఇది లేస్తుందా అని ఆయనకే గుబులు పుట్టిందంటారు. డెబ్బైమందికి పైగా ఎక్కిన ఆ విమానం కలకత్తాలో క్షేమంగా దిగింది. టోక్యో మీద దాడికి దళాన్ని నడిపించినవాడు, సొంత దేశంలో కో-పైలట్ ఉద్యోగానికి కూడా పనికిరాడనిపించుకున్నవాడి చేతుల్లో ప్రాణం పెట్టి బయటపడ్డాడన్నమాట.

ఆ తర్వాత మూడేళ్ళపాటు సి.ఎన్.ఎ.సి.కి మన దేశమే అడ్డా. మరమ్మతులు కలకత్తా డమ్‌డమ్‌లో. అస్సాంలోని దిన్జాన్ నుంచి హిమాలయాల అంచుల మీదుగా చైనాలోని కున్‌మింగ్‌కి సరుకు రవాణా. పైలట్లు ఆ దారిని 'హంప్' అనేవాళ్ళు, మూపురం అని. మంచుకీ గాలులకీ ఆ కొండల్లో కూలిన విమానాలకి లెక్క కట్టడం కష్టం. ఆ దారిలో నడిపినవాళ్ళలో ఇద్దరు, అమెరికన్ రాయ్ ఫారెల్, ఆస్ట్రేలియన్ సిడ్నీ డి కాంట్జో, యుద్ధం అయ్యాక మిగులు సామానులో ఒక డీసీ-3 సంపాదించారు. దానికి 'బెట్సీ' అని పేరు. 1946 సెప్టెంబర్ 24న హాంకాంగ్‌లో కాథే పసిఫిక్ అని రిజిస్టర్ చేయించారు. పరదేశులు పెట్టిన, పరదేశులు నడిపిన కంపెనీ అది. హాంకాంగ్ అప్పుడు బ్రిటిష్ వలస. విమానాల కంపెనీలో పెద్ద వాటా బ్రిటిష్‌వాళ్ళదే ఉండాలని పాలకులు పట్టుబట్టారు. అమెరికన్ ఫారెల్‌కి అక్కడ చోటు ఇరుకైపోయింది. 1948లో కంపెనీ స్వైర్ అనే బ్రిటిష్ వ్యాపార సంస్థ చేతికి వెళ్ళింది. జెండా ఎవరిదో వాటా వాళ్ళది.

అదే ఏడాది జూలై 16న ఆ కంపెనీకే చెందిన 'మిస్ మకావ్' అనే చిన్న కాటలీనా, అంటే నీళ్ళ మీద దిగే రకం విమానం, మకావ్ నుంచి హాంకాంగ్‌కి బయల్దేరింది. ప్రయాణం ఇరవై నిమిషాలు. ఎడమ సీటులో అమెరికన్ డేల్ క్రేమర్, కుడి సీటులో ఆస్ట్రేలియన్ కెన్ మెక్‌డఫ్. ప్రయాణికుల్లో నలుగురు దొంగలు తుపాకులతో లేచారు. పెనుగులాటలో కెప్టెన్‌కి తుపాకీ గుండు తగిలింది, విమానం సముద్రంలో కూలింది. 26 మందిలో 25 మంది పోయారు. బతికిన ఒక్కడూ దొంగల్లో ఒకడు. వాణిజ్య విమానం హైజాక్ కావడం చరిత్రలో అదే మొదటిసారి అంటారు.

నన్ను ఆపేసింది ఆ తర్వాత జరిగిన తమాషా. విమానం హాంకాంగ్‌లో రిజిస్టరైంది కాబట్టి కేసు మాది కాదంది పోర్చుగీసు మకావ్. నేరం జరిగింది చైనా నీళ్ళ మీద కాబట్టి మాదీ కాదంది బ్రిటిష్ హాంకాంగ్. బతికిన దొంగని మూడేళ్ళు ఉంచి, 1951లో చైనాకి పంపేశారు. విచారణ లేదు. ఒక అమెరికన్, ఒక ఆస్ట్రేలియన్, బ్రిటిష్ వలసలో రిజిస్టరైన విమానం, పోర్చుగీసు రేవు, చైనా సముద్రం. ఇన్ని జెండాల మధ్య చచ్చిపోయిన కో-పైలట్ ఎవరి మనిషి?

చట్టం దగ్గర దీనికి ఒక జవాబు అప్పటికే ఉంది, ఆ కేసుకి పనికిరాలేదు గానీ. 1944 డిసెంబర్ 7న చికాగోలో దేశాలు సంతకాలు పెట్టిన ఒడంబడికలో 32వ అధికరణం ఉంది. ఇంకో దేశానికి ఎగిరే విమానాన్ని నడిపే పైలట్ దగ్గర, ఆ విమానం ఏ దేశంలో రిజిస్టరైందో ఆ దేశం ఇచ్చిన లైసెన్సు గానీ, ఆ దేశం ఒప్పుకున్న లైసెన్సు గానీ ఉండాలి. పైలట్ ఏ దేశం వాడన్నది కాదు, తోక మీద ఏ అక్షరాలున్నాయన్నది లెక్క. పరదేశి పైలట్ అనే ఉద్యోగం మొత్తం ఈ ఒక్క వాక్యం మీద నిలబడి ఉంది. తలుపు తెరిచేదీ ఇదే, మూసేదీ ఇదే. 'ఒప్పుకున్నాం' అన్న ముద్ర ఆ దేశం ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు మరి.

మన హైదరాబాదుకి కూడా ఈ కథలో చోటుంది. 1947లో ప్రేమ్ మాథుర్ అనే అమ్మాయి అలహాబాదు ఫ్లయింగ్ క్లబ్బులో నేర్చుకుని కమర్షియల్ లైసెన్సు తెచ్చుకుంది. ఎనిమిది కంపెనీలు ఆడమనిషని కాదన్నాయట. ఉద్యోగమిచ్చింది డెక్కన్ ఎయిర్‌వేస్, నిజాం ప్రభుత్వానికి పెద్ద వాటా ఉన్న కంపెనీ. 1948 సెప్టెంబర్ దాకా హైదరాబాదు ఇంకా భారతదేశంలో కలవలేదు కాబట్టి, సాగదీసి చెబితే ఆమె కూడా పరాయి రాజ్యంలో పనిచేసిన కో-పైలటే. కుడి సీటులో బాగానే ఎగిరింది. ఎడమ సీటు అడిగితే మాత్రం కంపెనీ ఇవ్వలేదు. ఆమె ఆ ఉద్యోగం వదిలేసి ఢిల్లీ వెళ్ళి జి.డి. బిర్లా సొంత విమానం నడిపింది. చిన్ కథా ఈమె కథా ఒకే దశాబ్దమున్నర లోపలివి. ఇద్దరికీ దగ్గరి తలుపు మూసుకుంది, దూరపు తలుపు సగం తెరుచుకుంది. చిన్ ఆ సగంలోంచి లోపలికి వెళ్ళగలిగాడు, ఆమెని గుమ్మంలోనే ఆపేశారు.

ముఖం చూసి, ఆడా మగా చూసి ఆపడం కాలంతోపాటు తగ్గింది (పోయిందని అనను). దాని స్థానంలో వచ్చిన కొలబద్ద పేరు సీనియారిటీ. చెప్పుకోవడానికి న్యాయంగానే ఉంటుంది. ఏ కంపెనీలో ఎవరు ఏ తేదీన చేరారో ఒక జాబితా. ఎడమ సీటు, పెద్ద విమానం, కోరుకున్న ఊరు, దీపావళికి సెలవు, అన్నీ ఆ వరస ప్రకారమే. పై అధికారి బావమరిదికి ముందు సీటు దక్కకుండా చేసే పద్ధతి కాబట్టి యూనియన్లు దాన్ని ప్రాణంలా కాపాడుకున్నాయి. చిక్కేమిటంటే ఆ వరస కంపెనీ గేటు దాటదు. పదేళ్ళు కుడి సీటులో కూర్చుని, వరసలో ముందుకొచ్చి, వచ్చే ఏడాది కెప్టెన్ అవుతాడనగా కంపెనీ మూతపడిందనుకోండి. ఏడు వేల గంటలు లాగ్‌బుక్కులో ఉంటాయి, వాటిని ఎవరూ కాదనరు. కొత్త కంపెనీలో మాత్రం నిన్న చేరిన పాతికేళ్ళ కుర్రాడి వెనక నిలబడాలి. డాక్టరుకో ఇంజనీరుకో ఇలా జరగదు. దేశం మారితే ఇంకా ఉంది: కొత్త దేశపు పరీక్షలు, వాళ్ళ మెడికల్, ఆ విమానం రకానికి టైప్ రేటింగ్, వాళ్ళ వీసా.

కొత్తగా పుట్టే ఎయిర్‌లైన్‌లో ఈ ఇబ్బంది ఉండదు, అక్కడ వరసే లేదు కదా. గల్ఫ్ ఆకర్షణ మొదట అదే. 1985 అక్టోబర్ 25న ఎమిరేట్స్ మొదలైనప్పుడు దానికి సొంత విమానాలు లేవు. పాకిస్తాన్ వాళ్ళ పి.ఐ.ఏ. నుంచి ఒక ఎయిర్‌బస్ ఎ300, ఒక బోయింగ్ 737 అద్దెకి తెచ్చుకుంది, సిబ్బందితో సహా. మొదటి ఊళ్ళు కరాచీ, బొంబాయి, ఢిల్లీ. ఆ కాక్‌పిట్లలో రెండు సీట్లూ పరదేశులవే. ప్రపంచం నలుమూలల నుంచి పైలట్లు వచ్చి చేరింది ఆ తర్వాతే.

అన్నిచోట్లా అంత సాఫీగా లేదు. 1994 ఆగస్టు 10న కొరియాలోని జెజు ద్వీపంలో కొరియన్ ఎయిర్ ఎ300 ఒకటి గాలివానలో దిగుతోంది. కెప్టెన్ కెనడా వాడు, ఫస్ట్ ఆఫీసర్ కొరియన్. రన్‌వే చాలదని కుడి సీటుకి అనిపించింది, మళ్ళీ పైకి లేపాలనుకున్నాడు. దింపాలనే ఎడమ సీటు ఉద్దేశం. ఇద్దరూ ఎదురెదురుగా లాగారు. విమానం రన్‌వే దాటి దూసుకెళ్ళి కాలిపోయింది. అదృష్టం ఏమిటంటే 160 మందీ బతికారు. ఇక్కడ పరదేశి ఎడమవైపున్నాడు. స్థానికుడు తన ఊరి రన్‌వే మీద తన మాట చెల్లించుకోలేకపోయాడు. ఎవరు రైటు అన్నది పక్కన పెడితే, కాక్‌పిట్‌లో భాష, హోదా, పాస్‌పోర్టు అన్నీ ఒకేసారి పెనుగులాడిన క్షణం అది.

మళ్ళీ హాంకాంగ్. 1998 జూలై దాకా అక్కడి పాత విమానాశ్రయం కై టాక్. 13వ రన్‌వే మీద దిగాలంటే కొండ మీద గీసిన ఎరుపు తెలుపు గళ్ళ వైపు నేరుగా వెళ్ళి, మేడల మీదుగా కుడివైపుకి 47 డిగ్రీలు తిరగాలి. తిరిగేది కుడివైపుకి కాబట్టి మలుపు లోపలి అంచున ఉండేది కో-పైలట్. ఆ సీటులో తరాలపాటు బ్రిటన్, ఆస్ట్రేలియాల నుంచి వచ్చినవాళ్ళే ఎక్కువ. ఇంటి అద్దె, పిల్లల ఫీజులు కంపెనీ ఇచ్చేది. తొంభైల్లో కొత్తగా చేరినవాళ్ళకి తక్కువ జీతాల పట్టీ వచ్చింది. ఒకే కాక్‌పిట్‌లో, ఒకే పనికి, చేరిన తేదీని బట్టి రెండు జీతాలు.

2001 జూలైలో పైలట్లు ఒప్పందంలో రాసినంతవరకే పనిచేస్తామని పట్టుబట్టారు. సమ్మె కాదు, అడిగితే చేసే అదనపు పని మానేయడం. అందరి రికార్డులూ తిరగేశామని చెప్పి కాథే 49 మందిని ఒక్కసారిగా తీసేసింది. వాళ్ళని '49 మంది' అనే పిలుస్తారు ఇప్పటికీ. వాళ్ళు కోర్టుకెళ్ళారు. 2009లో హాంకాంగ్ కోర్టు వాళ్ళ వైపు తీర్పిచ్చింది. కేసు తుది అప్పీలు కోర్టులో తేలేసరికి 2012. పరదేశికి పదకొండేళ్ళ కోర్టు అంటే ఏమిటో ఆలోచించండి. ఉద్యోగంతో ముడిపడ్డ వీసా, కంపెనీ డబ్బుతో నడిచే ఇల్లు, ఇంకెక్కడ చేరినా అడుగు నుంచి మొదలయ్యే వరస. పైగా రెండు నెలల్లో సెప్టెంబర్ 11 వచ్చింది. ప్రపంచమంతా పైలట్లని ఇంటికి పంపుతున్న రోజులు.

ఇక మన దేశం. 2003 తర్వాత ప్రైవేటు కంపెనీలు విమానాలు తెచ్చినంత వేగంగా కెప్టెన్లని తయారుచేయలేకపోయాయి. విదేశీ పైలట్లకి తాత్కాలిక అనుమతులిచ్చి తెచ్చుకున్నారు. వచ్చినవాళ్ళంతా దాదాపు ఎడమ సీటు కోసమే. కుడి సీటుకి కొరత లేదు. అప్పు చేసి లైసెన్సు తెచ్చుకుని, ఇంట్లో కూర్చున్న కుర్రాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. కొరత ఉన్నది అనుభవానికి. అనుభవం రావాలంటే కుడి సీటు కావాలి. ఆ సీటు దొరికి, నాలుగు వేల గంటలు పోగేసినవాడు గల్ఫ్ వైపు చూస్తాడు. తప్పేముంది? బాల్టిమోర్ నుంచి చిన్ చేసిందీ అదే.

ఆ చూపుకి ప్రభుత్వం అడ్డు కట్టింది. ఉద్యోగం మానాలంటే పైలట్ ఎంత ముందు చెప్పాలో మిగతా ఉద్యోగాల్లోలా కంపెనీ కాగితం ఒక్కటే నిర్ణయించదు, డీజీసీఏ కూడా నిర్ణయిస్తుంది. 2017లో ఆ గడువు మార్చారు. కుడి సీటుకి ఆరు నెలలు, ఎడమ సీటుకి ఏడాది.