తెలిసిన కారణం, కుదరని నమ్మకం: ఉత్తరాంధ్రలో ఎయిడ్స్ అపోహల చరిత్ర

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెల్లో వ్యాధికి కారణం వెతకడమన్నది ఆసుపత్రులు రాకముందే ఉన్న పని. మశూచి సోకితే అమ్మవారు పోసిందని గుమ్మానికి వేపమండలు కట్టి మొక్కుకునేవారు. ఏజెన్సీ గ్రామాల్లో అంతుపట్టని జబ్బుకు చిల్లంగి (చేతబడి) కారణమని పొరుగువారినే అనుమానించిన సందర్భాలూ ఉన్నాయి. మన్యం జ్వరాన్ని, అంటే మలేరియాను, కలిగించే క్రిమిని 1897లో సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమలో కనుగొన్నా, దోమే దానికి కారణమన్న సంగతి కొండ దిగువ ఊళ్లలో ఇంటింటి ఎరుకగా మారడానికి చాలా కాలం పట్టింది. ఎయిడ్స్ గురించిన అపోహలు ఈ నేల మీదనే మొలిచాయి కాని, వాటి విత్తనాలన్నీ ఇక్కడివి కావు.

1981లో అమెరికాలో తొలిసారి గుర్తించిన ఈ వ్యాధికి కారణమైన వైరస్‌ను (హెచ్‌ఐవిని) 1983లో పారిస్‌లోని పాశ్చర్ సంస్థ శాస్త్రజ్ఞులు వేరుచేశారు. అదే ఏడాది జులైలో ఢిల్లీ నుంచి వెలువడే ‘పేట్రియట్’ పత్రిక, ఈ క్రిమిని అమెరికా సైనిక ప్రయోగశాలలో తయారుచేశారని ఆరోపించే, పేరులేని ఒక లేఖను ప్రచురించింది. సోవియట్ గూఢచారి విభాగం పనిగట్టుకుని సాగించిన ప్రచారానికి ఆ లేఖే ఆరంభమని తరువాత తేలింది. అంటే మన దేశంలో ఒక్క రోగినైనా గుర్తించక మునుపే వ్యాధి గురించిన అబద్ధం మన దేశంలోనే అచ్చయింది.

1986లో చెన్నైలో డాక్టర్ సునీతి సొలొమన్, ఆమె విద్యార్థిని సెల్లప్పన్ నిర్మల సేకరించిన రక్తనమూనాల్లో హెచ్‌ఐవి బయటపడింది. ఉత్తరాంధ్ర కూలీలు, మత్స్యకారులు పనికోసం ఏళ్ల తరబడి వెళ్లివస్తున్న నగరాల్లో చెన్నై ఒకటి. వలసపోయినవాడు తెచ్చే జబ్బుగా దీన్ని చూసిన ఊరు, అతని భార్యకూ పుట్టిన బిడ్డకూ అది ఎలా సోకిందో మాత్రం ఆలోచించలేదు. నేరాన్ని తరచు ఆ ఇల్లాలి మీదనే మోపింది. ఈ అన్యాయం అపోహలన్నింటిలోకీ క్రూరమైనది.

వ్యాధి అసలు కారణాన్ని జనం నమ్మకపోవడానికి అజ్ఞానమొక్కటే కారణమనడం సరికాదు. హెచ్‌ఐవి అనేది శరీరానికి రక్షణనిచ్చే ఒక రకం తెల్లకణాలను మెల్లగా నశింపజేసే వైరస్. ఆ రక్షణ పూర్తిగా సడలి, మామూలుగా సోకని జబ్బులు కూడా మీదపడే దశ పేరు ఎయిడ్స్. చికిత్స లేకపోతే ఈ రెంటికీ నడుమ తరచు ఎనిమిది, పదేళ్లు గడుస్తాయి, ఆ కాలమంతా మనిషి చూపుకు ఆరోగ్యంగానే ఉండి చివరకు క్షయతోనో విరేచనాలతోనో మరణిస్తాడు కనుక, కళ్లెదుట కనిపించిన క్షయనే కారణమని కుటుంబం భావించడం సహజం. దోమకాటుతో ఇది సోకుతుందన్న భయం కూడా ఊరకే పుట్టలేదు. తరతరాలుగా మలేరియాతో నలిగిన మన్యానికి దోమ ప్రాణాంతకమైన శత్రువు. మలేరియా క్రిమి దోమలో పెరిగి దాని లాలాజలంతో మనిషిలో చేరుతుంది గాని, హెచ్‌ఐవి దోమ కడుపులో బతికి పెరగలేదు, దోమ ఒకరి నెత్తురును మరొకరిలోకి ఎక్కించదు అన్న భేదాన్ని విడమరచి చెప్పినవారు తక్కువ.

1992లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ఏర్పడింది. దేశంలో హెచ్‌ఐవి తీవ్రత ఎక్కువగా ఉన్న ఆరు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్‌ను చేర్చారు. 2000 తరువాతి తొలి ఏళ్లలో, పులిరాజా అనే కల్పిత వ్యక్తి పేరిట, ‘పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?’ అన్న ప్రశ్న రాష్ట్రమంతటా గోడలపైనా కూడళ్లలోనూ వెలిసింది. ఆ ప్రచారం వ్యాధి పేరును ఇంటింటికీ చేర్చింది. అయితే పేరు తెలియడం వేరు, కారణం నమ్మడం వేరు.

సామాన్యుల సంశయం కన్నా పెద్దల నిరాకరణ చేసిన కీడు ఎన్నో రెట్లు ఎక్కువ. హెచ్‌ఐవి వల్ల ఎయిడ్స్ రాదని 1987 నుంచి వాదించిన అమెరికా శాస్త్రవేత్త పీటర్ డ్యూస్‌బర్గ్ మాటలను దక్షిణాఫ్రికా అధ్యక్షుడు థాబో ఎంబెకీ చెవికెక్కించుకున్నాడు. 2000లో ఐదువేల మందికి పైగా శాస్త్రజ్ఞులు, వైద్యులు డర్బన్ ప్రకటనతో ఆ వాదాన్ని ఖండించినా, మందులివ్వడంలో అక్కడి ప్రభుత్వం చేసిన జాప్యం 3,30,000కు పైగా ప్రాణాలను బలిగొన్నదని 2008లో హార్వర్డ్ పరిశోధకులు అంచనా వేశారు.

మన దేశంలో 2004 ఏప్రిల్ 1న ఉచితంగా ఏఆర్‌టి, అనగా వైరస్ వృద్ధిని అణచివేసే మందుల కలయిక, అందించడం మొదలైంది. మంచం పట్టినవాడు మందులు వాడి తిరిగి పనిలోకి వెళ్లడం ఊరు చూశాక, ఏ గోడరాతా కలిగించలేని నమ్మకం కలిగింది. 2017 అంచనాల ప్రకారం ఆంధ్రప్రదేశ్ వయోజనుల్లో హెచ్‌ఐవి 0.63 శాతం; దేశ సగటు 0.22 శాతం.

ఇదే శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం ప్రాంతపు కిడ్నీ వ్యాధి ఎయిడ్స్‌కు పూర్తిగా భిన్నమైన సంగతి. నీరని, నేలలోని లోహాలని, పురుగుమందులని అనేక అనుమానాలు ఉన్నా, పరిశోధనలు ఎన్ని జరిగినా, దానికి కచ్చితమైన ఒక్క కారణం ఇంకా స్థిరపడలేదు. అక్కడి సందేహం న్యాయమైనది. దానికి జవాబు చెప్పవలసింది శాస్త్రం. ఎయిడ్స్ విషయంలో శాస్త్రం ఆ జవాబు నాలుగు దశాబ్దాల కిందటే చెప్పింది.

హెచ్‌ఐవి ఉన్నవారిపట్ల ఉద్యోగంలో, చదువులో, వైద్యంలో వివక్షను నిషేధిస్తూ 2017లో చేసిన చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులో ఉంది. ప్రభుత్వ కేంద్రాల్లో పరీక్ష ఉచితం, ఫలితం గోప్యం. అనుమానమున్నవారు ఊరి మాట వినడం మాని 1097 నంబరుకు ఫోన్ చేసి అడగాలి.