పట్టికలో మొదట ఏ పేరు వ్రాయవలెను?

ప్రతి సంవత్సరము నీట్ పరీక్షాఫలితములు వెలువడిన పిదప, వైద్యవిద్య కోరు పిల్లలున్న ఇండ్లలో ఒక వాదము జరుగుచుండును. కళాశాలల పేర్లను తమకు నచ్చిన వరుసలో వ్రాసి పంపవలసిన దినములవి. అందరును 'వెబ్ ఆప్షన్లు' అనునది దీనినే. రెండేండ్ల క్రిందట, నా వద్ద భౌతికశాస్త్రము చదివిన ఒక బాలిక తండ్రితో కలిసి మా ఇంటికి వచ్చినది. ఆమె విశాఖపట్టణములోని ఆంధ్ర వైద్యకళాశాల పేరు మొదట వ్రాసెదననుచున్నది. తండ్రి వలదనుచున్నాడు.

"మాస్టారూ, దీని ర్యాంకుకు అది రాదు. రానిదాన్ని మొదట రాసి ఆ చోటు పాడుచేసుకోవడం ఎందుకండీ? తప్పకుండా వచ్చేదాన్నే మొదట రాయమనండి" అని ఆయన వాదన.

ఆయన భయమును తేలికగా త్రోసివేయరాదు. సరిగా ఈ భయమునే 1951వ సంవత్సరమున అమెరికా వైద్యవిద్యార్థులు వెలిబుచ్చిరి. అప్పుడు వారి మాట నిజము. పట్టికలో మొదట ఏ పేరు వ్రాయవలెననుట విద్యార్థి ధైర్యమును బట్టి తేలునది కాదు. ఆ పట్టికను చదువు పద్ధతిని బట్టి తేలునది. ఆ సంగతి లోకమునకు ఎట్లు తెలిసినదో చెప్పుటకే ఈ వ్యాసము.

అమెరికాలో వైద్యపట్టము పొందిన యువకుడు ఏదేని ఆసుపత్రిలో శిక్షణ పొందవలెను. మనము హౌస్ సర్జను పని అనునట్టిదే అది. ఇరువదవ శతాబ్ది ప్రథమార్ధమున అక్కడ విద్యార్థులకంటె ఆసుపత్రులలోని స్థానములే ఎక్కువ. అందుచేత ఆసుపత్రులు మంచి విద్యార్థులకొఱకు పోటీపడెను. ఒక ఆసుపత్రి ఈ నెలలో పిలిచినచో, మరియొకటి ముందు నెలలోనే పిలిచెను. ఇట్లు వెనుకకు జరుగుచు జరుగుచు, 1944 నాటికి చదువు ముగియుటకు ఇంకను దాదాపు రెండు సంవత్సరములుండగనే నియామకములు జరుగసాగెను. విద్యార్థి ఎట్టి వైద్యుడగునో ఆసుపత్రికి తెలియదు. తనకు ఏ శాఖపై మక్కువ కలుగునో విద్యార్థికే తెలియదు. బారసాలనాడే లగ్నపత్రిక వ్రాసికొన్నట్లుండెను వ్యవహారము.

1945లో వైద్యకళాశాలలు ఒక ఒప్పందమునకు వచ్చినవి. నియమిత దినమునకు ముందు విద్యార్థుల మార్కులనుగాని, సిఫారసు లేఖలనుగాని ఎవరికిని పంపగూడదని కట్టుబాటు చేసికొన్నవి. ఈ మందుతో మొదటి జబ్బు నయమైనది, కాని రెండవది పుట్టినది. తనకు రెండవ ఇష్టమైన ఆసుపత్రినుండి పిలుపు వచ్చిన విద్యార్థి, మొదటిదానికొఱకు ఎదురుచూచుచు జవాబు ఈయక కూర్చుండెడివాడు. గడువు చివరి గంటలో అతడు కాదనినచో, ఆసుపత్రివారు తమ పట్టికలోని తరువాతి విద్యార్థిని పిలుతురుగదా. అప్పటికి ఆ విద్యార్థి మరియొకచోట కుదిరిపోయెడివాడు. కనుక గడువు కుదించుచు వచ్చిరి. 1945లో పది దినములున్న గడువును 1949లో పండ్రెండు గంటలు చేయుదమన్నచో, అదియును ఎక్కువేయని ఆసుపత్రులు అభ్యంతరము చెప్పెను. కడపట, తంతులను ముందుగానే తంతి కార్యాలయములో ఇచ్చియుంచి, సరిగా అర్ధరాత్రి 12 గంటల 1 నిమిషమునకు విద్యార్థులకు అందజేయవచ్చునని ఏర్పాటైనది. ఆలోచించుటకు గడువు ఇచ్చితీరవలెనను నియమమే లేకపోయెను. 1950లో పండ్రెండు గంటల గడువును మరల పెట్టుచు, ఆలోపల తంతి వెనుక టెలిఫోను చేయగూడదని నిషేధించిరి. ఒక నిషేధమును చదివినప్పుడు అంతకుముందు ఏమి జరుగుచుండెనో మనము ఊహించుకొనవచ్చును.

ఇక ఈ పరుగుపందెము చాలునని, ఒక కేంద్రస్థానమునకు అందరును పట్టికలు పంపు పద్ధతిని యోచించిరి. విద్యార్థులు ఆసుపత్రులను, ఆసుపత్రులు విద్యార్థులను వరుసగా వ్రాసి పంపవలెను. కేంద్రము జతలు కూర్చును. 1950–51లో దీనిని ఉత్తుత్తిగా నడిపి చూచిరి. అందులోని వివరములు కొంత చిక్కైనవి. వానిలోని దోషము మాత్రము ఒక చిన్న ఉదాహరణముతో తేటపడును. ఉపాధ్యాయులు దీనిని నల్లబల్లపై వేసి చూపవచ్చును.

కొండ ఆసుపత్రి, ఏటి ఆసుపత్రి, తోట ఆసుపత్రి అని మూడున్నవనుకొందము. ఒక్కొక్కదానిలో ఒక్కటే స్థానము. రాజు, లక్ష్మి, గోపి అభ్యర్థులు. రాజుకును లక్ష్మికిని మొదట కొండ, తరువాత ఏరు, పిదప తోట ఇష్టము. గోపికి ఏరు, తోట, కొండ అను వరుస ఇష్టము. మూడు ఆసుపత్రులకును రాజు మొదటివాడు, లక్ష్మి రెండవది, గోపి మూడవవాడు. మొదట వ్రాసినవారికే మొదట పీట అను పద్ధతి పెట్టితిమా, కొండ ఆసుపత్రి రాజును తీసికొనును. ఏటి ఆసుపత్రిని మొదట వ్రాసినవాడు గోపి ఒక్కడే గనుక అతనికి అది ఖాయమగును. కొండపై చోటు దొరకని లక్ష్మి ఏటి ఆసుపత్రికి వచ్చునప్పటికి తలుపు మూసియుండును. ఆ ఆసుపత్రికి గోపికంటె లక్ష్మియే కావలెను, లక్ష్మికిని తోటకంటె ఆ ఆసుపత్రియే కావలెను. అయినను ఆమెకు తోటయే గతి. లక్ష్మి తన మనసులోని మాట దాచి, ఏటి ఆసుపత్రినే మొదట వ్రాసియున్నచో అది దక్కెడిది. నిజము వ్రాసినందుకు ఆమెకు శిక్ష పడినది.

విద్యార్థులు ఈ లోపమును కనుగొని ఊరకుండలేదు. హార్వర్డు విద్యార్థి హార్డీ హెండ్రెన్ మున్నగువారు ఒక సంఘముగా ఏర్పడి మార్పు కోరిరి. ఈ హెండ్రెన్ తరువాత పిల్లల శస్త్రచికిత్సలో ప్రఖ్యాతుడైనాడు. అధికారులు అంగీకరించి, బోస్టను ప్రాంతమున అంతకుముందే వాడుకలోనున్న పద్ధతిని స్వీకరించిరి. 1952లో దేశమంతటికి మొదటి జతకూర్పు జరిగినది. దాదాపు 6,000 మంది విద్యార్థులకు 10,000 పైచిలుకు స్థానములు అప్పుడుండెను. గణితజ్ఞుల సహాయము లేకయే, అర్ధరాత్రి తంతులతో విసిగినవారు కుదుర్చుకొన్న పద్ధతి ఇది.

గణితము పది సంవత్సరములు వెనుకగా వచ్చినది. బ్రౌన్ విశ్వవిద్యాలయములోని డేవిడ్ గేల్, రాండ్ సంస్థలోని లాయిడ్ షాప్లీ అను ఇరువురు 1962 జనవరిలో అమెరికన్ మాథమాటికల్ మంత్లీ పత్రికలో ఏడు పుటల వ్యాసము ప్రకటించిరి. (ఈ షాప్లీ, మన పాలపుంతలో సూర్యుని స్థానమును నిర్ణయించిన హార్లో షాప్లీ కుమారుడు.) ఆసుపత్రుల సంగతి వారు ఎత్తుకొనలేదు. కళాశాలలో ప్రవేశములు ఎట్లు జరుపవలెనన్నదే వారి ప్రశ్న. దానికి తోడుగా, సులభముగా బోధపడుటకు, వధూవరుల జతలు చెప్పిరి. గణితవ్యాసమే అయినను అందులోని తర్కమంతయు మామూలు మాటలతోనే నడచును.

వారి ఉపాయము మన పెండ్లి సంబంధముల భాషలో చెప్పుట తేలిక. తాంబూలములు చివరిదాక పుచ్చుకొనవద్దు. అంతవరకు మాటలు మాత్రమే. ప్రతి అభ్యర్థియు తన మొదటి ఇష్టము గలచోట అడుగును. ఆసుపత్రి తన స్థానములకు సరిపడు మేలైనవారిని 'చూతము' అని అట్టిపెట్టుకొని, మిగిలినవారిని పంపివేయును. కాదనిపించుకొన్నవారు తమ రెండవ ఇష్టము గలచోట అడుగుదురు. ఆ ఆసుపత్రి అంతకుముందు అట్టిపెట్టుకొన్నవారిని, క్రొత్తగా వచ్చినవారిని కలిపి మరల ఎంచును. ఎవరును ఇక అడుగనక్కరలేనప్పుడే తాంబూలములు.

లక్ష్మి ఇప్పుడు ఏటి ఆసుపత్రికి ఆలస్యముగా వచ్చినను తలుపు తెరచియే యున్నది. ఆసుపత్రి గోపిని వదలి ఆమెను నిలుపుకొనును. గోపి తోటకు పోవును.

ఇది తప్పక ముగియునా? ముగియును. అడిగినచోటనే మరల అడుగుట లేదు. పదిమంది పదిచోట్ల అడిగినను నూరు అడుగుటలకు మించదు. జతలు నిలుచునా? ఒక అభ్యర్థికి తనకు వచ్చినదానికంటె మరియొక ఆసుపత్రి ఇష్టమనుకొందము. అతడు పైనుండి క్రిందికి అడుగుచు వచ్చినాడు గనుక, అక్కడ మునుపే అడిగి కాదనిపించుకొనియుండును. అంతకంటె మేలైనవారు చేతిలోనున్నందుననే ఆసుపత్రి అతనిని కాదన్నది. ఆ తరువాత దాని చేతిలోనివారు ఇంకను మేలగుదురేగాని తీసిపోరు. కాబట్టి ఒప్పందమును చాటుగా మీరుటకు ఇద్దరును కలిసిరాలేరు. ఉన్నతపాఠశాల విద్యార్థికి అందని తర్కము ఇందులో లేదు.

1984లో ఆల్విన్ రోత్ అను అర్థశాస్త్రవేత్త, 1952 నాటి ఆసుపత్రుల పద్ధతియు గేల్–షాప్లీల పద్ధతియు ఒకటేయని నిరూపించెను. కాని ఒక తేడా ఉన్నది: అక్కడ అడుగువారు ఆసుపత్రులు, విద్యార్థులు కారు. ఎవరు అడుగుదురో వారికే మొగ్గు. తన నిజమైన ఇష్టమును వ్రాసినందున ఎన్నడును నష్టము లేదను పూర్తి హామీ అడుగువారికే కలదని కూడ అప్పటికే తేలియుండెను. ఇలియట్ పెరాన్సన్‌తో కలిసి రోత్ ఈ పద్ధతిని తిరుగవ్రాసెను. 1998 నుండి విద్యార్థులే అడుగువారైరి. దీనివలన ఫలితము మారువారు వేయిమందిలో ఒకరుమాత్రమేయని లెక్కతేలినది. ఆ ఒక్కనికి మాత్రము అది చిన్న సంగతి కాదు. 2012లో షాప్లీకి, రోత్‌కు అర్థశాస్త్రములో నోబెల్ స్మారక బహుమానము లభించినది. గేల్ 2008లోనే మరణించియుండెను.

ఇందులో ఒక వింత కలదు. గేల్–షాప్లీల వ్యాసము కళాశాల ప్రవేశములనుగూర్చినదే అయినను, అమెరికాలో వైద్యకళాశాల ప్రవేశములకు నేటికిని దేశమంతటికి ఇట్టి జతకూర్పు లేదు. చాలవరకు ఒక్కొక్క కళాశాల వేరువేరుగా నిర్ణయించును. సాధారణముగా ఒక్కొక్క దరఖాస్తుకు రుసుము చెల్లించవలెను. అక్కడ విద్యార్థి నిజముగా బేరీజు వేసికొనవలసినదే: తన మార్కులు ఏ కళాశాలలో చేరువారి మార్కులకు దగ్గరగానున్నవి, ఏ రాష్ట్రపు ప్రభుత్వ కళాశాల తన రాష్ట్రమువారికే ఎక్కువ స్థానములిచ్చును, చేతిలోని డబ్బు ఎన్ని దరఖాస్తులకు చాలును అని. అందరాని కళాశాలలకే అన్ని దరఖాస్తులును పంపినవాడు ఆ ఏడు ఖాళీగా కూర్చుండవచ్చును.

మన ఆంధ్రప్రదేశ్, తెలంగాణములలో కన్వీనరు కోటా స్థానముల లెక్క వేరు. ర్యాంకు వరుసలో ఒక్కొక్కరిని తీసికొని, వారి పట్టికను పైనుండి క్రిందికి చదివి, వారి కేటగిరీకి ఖాళీగానున్న మొదటి స్థానమును కేటాయింతురు. కళాశాలలన్నిటికిని అభ్యర్థుల వరుస ఒకటే గనుక, ఇది షాప్లీ పద్ధతిలోని అతి సులభమైన సందర్భము. మొదట వ్రాసిన కళాశాల రాకపోయినచో రెండవదానిని చూతురు. మీ తరువాతి ర్యాంకువాడు దానిని మొదట వ్రాసినను, మీ వంతు ముగిసినగాని అతని పట్టిక తెరువరు. కాబట్టి పాడగు చోటు ఏదియు లేదు. గత సంవత్సరపు చివరి ర్యాంకులు చూడవలసినది పట్టిక తలను మార్చుటకు కాదు, తోకను ఎంతవరకు పొడిగింపవలెనో తెలిసికొనుటకు. వచ్చినను చేరబోని కళాశాల పేరు మాత్రము వ్రాయరాదు.

ఇదంతయు ఆ తండ్రికి కాగితముపై గీసి చూపుటకు ఒక గంట పట్టినది. రాజు, లక్ష్మి, గోపి కథ ఆయనకు నచ్చినదిగాని, "మన కంప్యూటరు కూడా అట్లాగే చూస్తుందంటారా?" అని మూడుసార్లు అడిగెను. ప్రకటనలోని నిబంధనలు తీసి చదివించితిని. తండ్రీకూతుళ్లు కలిసి పదునాలుగు పేర్లు వ్రాసిరి. విశాఖపట్టణము మొదట నిలిచినది. ఆయన తప్పక వచ్చునన్న కళాశాల తొమ్మిదవదైనది. మొదటి విడతలో ఆ బాలికకు నాల్గవది వచ్చినది.